కొవ్వే, కానీ సోమవారం రండి

అక్షరదోషాలుంటే మన్నించండి. యాభయ్యో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఈ ఒక్క కాగితానికి తొమ్మిది రోజులు పట్టింది.

డాక్టరమ్మ గారు మన పిల్లల ఆసుపత్రి స్కానింగు విభాగంలో 1994 జూన్ ఆరో తేదీన చేరారు. అప్పుడున్నవి కిటికీ లేని ఒక గది, ఒకే యంత్రం. నేడు ఎం.ఆర్.ఐ.తో సహా నాలుగు గదుల విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. బిడ్డ ఒంటికి రాసే ముందు జెల్ సీసాను అరచేతుల మధ్య వెచ్చబెట్టే అలవాటు మాత్రం మారలేదు.

మా ఆయన పోయాక నేనిక్కడ ఆయాగా చేరాను. పిల్లల్ని కదలకుండా పట్టుకోవడం నా పని. పన్నెండేళ్ల కిందట పద్నాలుగు నెలల పాపను తెచ్చారు. చంకలో గడ్డ. క్యాన్సరేనని తల్లి అన్నం మానేసింది. డాక్టరమ్మ గారు పాపకు స్కాన్ చేసి నావైపు తిరిగారు.

"ఆయమ్మా, కాస్త నీ నడుము అప్పివ్వు."

"నా నడుమా? అది మీ తెరలో పడుతుందా అమ్మా?"

ఆ తల్లి కూడా నవ్వింది. తెర మీద నా నడుము కొవ్వు, పాప గడ్డ ఒకే తీరుగా కనబడ్డాయి.

"చూడు తల్లీ, కొవ్వు గడ్డలాగే ఉంది. కానీ పసిపిల్లల్లో త్వరగా పెరుగుతుంది. ఎంత లోతుకు పోయిందో ఎం.ఆర్.ఐ.లో చూడాలి. సోమవారం రండి."

బయటికొచ్చాక తల్లి నన్నడిగింది: "తప్పకుండా రావాలంటావా అక్కా?"

"కొవ్వుకు ఇన్ని పరీక్షలెందుకమ్మా? నన్ను చూడు, ఇరవై ఏళ్లుగా మోస్తున్నా!" అన్నాను.

సోమవారం వాళ్లు రాలేదు. మూడు నెలలకు వచ్చేసరికి గడ్డ చేతి నరాల దాకా పాకింది. ఎం.ఆర్.ఐ. బొమ్మలు ముందు పెట్టుకుని, ఏ నరం ఎక్కడుందో డాక్టరమ్మ గారు సర్జను గారికి ఒక్కొక్కటీ చూపించారు. ఆపరేషన్‌లో గడ్డ మొత్తం బయటికి వచ్చేసింది. చెయ్యి దక్కింది. అది క్యాన్సర్ కాదని ల్యాబు కూడా తేల్చింది.

నేను చేసిన పని డాక్టరమ్మ గారితో ఏడుస్తూ చెప్పుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"నా దగ్గర తలూపి, బయట అందరూ అడిగేది నిన్నే. అయితే నువ్వూ చదువుకోవాల్సిందే," అన్నారు ఆవిడ. డ్యూటీ అయ్యాక రోజూ అరగంట పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. నేను రాసిన మొదటి వాక్యం ఇప్పటికీ మా గది తలుపు మీదుంది: "డాక్టరు రమ్మన్న రోజున తప్పక రండి."

ఆ పాప పోయిన నెల వచ్చింది. నా రాత వంకర పోతోందని, ఆ చేత్తోనే ఈ కాగితం మీద గీతలు గీసిచ్చింది.

డాక్టరమ్మ గారూ, మీ కళ్లు ఎప్పటికీ ఇంతే చురుగ్గా ఉండాలి, మీ మోకాళ్లు మీ మాట వినాలి, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. మీరూ ఏడాదికోసారి పరీక్షకు రండి. రావాలా అని గుమ్మం దగ్గర నన్నడిగితే, ఈసారి సరిగ్గా చెబుతాను.

ఇట్లు,
స్కానింగు గది ఆయమ్మ, అరవై రెండేళ్లు,
ప్రస్తుతం చిన్న కూతురి ఇంట్లో, మేడ మీది గది.