అంకయ్య బేరమాడిన పాత లెన్సు

పోతులూరయ్యని ఒకడున్నాడులే, అద్దంకి రోడ్డులో బస్సాగే కాడ ఫొటోల కొట్టు పెట్టుకున్నోడు. నోట్లో నాలుక లేని మనిషి. ఫొటో దిగేవోళ్ళని ఇటు తిరగండి అనటానికి కూడా మొగమాటమే, వాళ్ళంతట వాళ్ళు తిరిగిందాకా అట్టా చూస్తా కూచునేవోడంట. ఏమైందంటే, అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చె. ఈయన కెమెరాకేమో కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన లెన్సు ఒక్కటే. అది గోడనీ మనిషినీ ఒకే తీరుగా తీసిద్ది. ఇంతోటిదానికి నీ కొట్టుకి రావాలా అన్నా, మా ఫోన్లోనే బాగొచ్చిద్ది అని ఆడోళ్ళు మొగం మీదే అనేసి పోయేవోళ్ళు. ఇంక ఈగలు తోలుకోవటమే అనుకో. పిల్లనిచ్చిన మామ అంకయ్య ఎడ్ల బేరగాడు. ఆ కొట్టు మూసేసి నాతో సంతకి రా అల్లుడా, ఎద్దు తలుగుతాడు పట్టుకోని నిలబడితే చాలు, బేరం నేను చూసుకుంటా అని ఒకటే పోరు. ఆ మాటింటే పోతులూరయ్యకి అన్నం సయించేది కాదంట. ఎద్దంటే భయం కాదయ్యా, ఫొటో తియ్యకుండా బతకాలంటే భయం.

అట్టాంటప్పుడు అద్దంకిలో ఖాసిం సాయిబు, చెయ్యి తిరిగిన ఫొటోలాయన, చేతులు వణుకుతున్నయ్యని సామాను అమ్మేస్తన్నాడని తెలిసింది. అందులో మొగాలు తీసే లెన్సొకటుంది, పాతది, చేత్తో పట్టుకుంటే ఇంత బరువు. అది కొంటే కొట్టు నిలబడిద్ది. తీరా కొన్నాక పాడుదని తేలితే? ఉన్న కాస్తా ఊడ్చుకుపోయి, సంతలో తలుగు పట్టుకోవటమే ఇంక. కొనాలా వద్దా, కొనాలా వద్దా అని తేల్చుకోలేక చివరికి ఏం చేశాడంటే, మామని వెంటబెట్టుకోని పోయాడు. పాతసరుకు చూట్టంలో మామని మించినోడు లేడు గదా అనుకున్నాడు. ఆ పాతసరుకు ఎడ్లే గదా అని మాత్రం తట్టలా ఆయనకి.

అంకయ్య సంగతి చెప్పాలి మీకు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను తెల్లగా పూసిపోయింది. అల్లుడు ఫొటోలోడై ఉండి కూడా మామది ఒక్క ఫొటో లేదు, కెమెరా చూస్తే మొగం అటు తిప్పేసుకునేవోడు. ఆ ఉన్న ఒంటి కంటితోనే లెన్సుని ఎత్తి, తిప్పి, ఎండకి పెట్టి చూశాడు. లోపల అద్దం మీద సన్న గీతొకటి కనపడింది. ఇంకేముంది, ఎద్దు వెంట్రుకల్లో సుడి దొరికినట్టే, ఇదుగో సుడి, ఇది యజమానిని తినే సుడి అన్నాడు. ముసల్దయ్యా ఇది, పళ్ళరిగిపోయినయ్, దీన్నెవడు మేపుతాడు అన్నాడు. సాయిబు మొగం చిన్నబోయింది. అసలు బేరగాళ్ళ తీరే అంత. సరుకు ఎంత నచ్చితే అంత తిడతారు, అట్టా అయితేనే గదా ధర దిగేది. సంతకి పోయినోడెవుడికైనా తెలుసు. పోతులూరయ్య ఎప్పుడు పోయాడు సంతకి? మామ మాటలన్నీ నిజమే అనుకున్నాడు. వద్దులే మామా పోదాం పా అని చెప్పులేసుకున్నాడు. నవ్వమాకండి, ఎడమ చెప్పు కుడికాలికి వేసుకున్నాడంట. అంకయ్య లెన్సుని కింద పెట్టేశాడు. ఎవురికోసం బేరం చేస్తన్నాడో వాడే లేచిపోతుంటే ఇంక బేరమెవురికి?

సాయిబుకి కోపం రాలా. అంకయ్యా, ఎద్దుని కొనేముందు అరక కట్టి చూస్తావు గదా, దీన్నీ నడిపించి చూడు, వచ్చి ఈ కిటికీ కాడ కూచో అన్నాడు. పెద్దాయన మాట కొట్టెయ్యలేక అంకయ్య కూచున్నాడు, కూచుని మొగం అటు తిప్పేసుకున్నాడు. పోతులూరయ్య వెంట తెచ్చుకున్న కెమెరాకి లెన్సు బిగిచ్చుకోని ఎప్పట్లాగే చూస్తా నిలబడ్డాడు. అడగవయ్యా, నువ్వడక్కపోతే ఎట్టా తిరుగుతాడు అని సాయిబు చెవిలో అన్నాడు. అప్పుడు, పుట్టిన కాణ్ణుంచి ఎవుర్నీ ఒక మాట అడగనోడు, "మామా, ఇటు చూడు" అన్నాడంట.

తిరిగాడు అంకయ్య. మంచి కన్ను మీద లెన్సు నిలిపి నొక్కాడు పోతులూరయ్య. చూస్తే ఏముంది, ఆ కన్ను రెప్పవెంట్రుకలతో సహా మెరుస్తా ఉంది, అక్కణ్ణుంచి మొగం మెల్లగా వెన్న కరిగినట్టు మసకలోకి కరిగిపోయింది. రెండో కన్నూ ఉంది, ఉందిగానీ ఆ తెలుపు తెలవట్లా. గీత జాడే లేదు. కెమెరా చేతికిస్తే అంకయ్య దాన్ని మంచి కంటికి దగ్గిరగా పెట్టుకోని చూశాడు.

"మా అమ్మ చూసిన మొగం ఇదిరా అల్లుడా," అని తువ్వాలుతో మొగం తుడుచుకున్నాడు.

ఎడ్ల బేరం నోటితో చెప్పరు, తువ్వాలు కప్పి కింద వేళ్ళు పట్టుకుంటారు, ఎన్ని వేళ్ళు నొక్కితే అంత ధర, పక్కనోడికి కూడా తెలవదు. ఆ తడి తువ్వాలే సాయిబు చేతుల మీద కప్పాడు అంకయ్య. తువ్వాలు అటు ఇటు గుంజుకుంటా ఉంటే పోతులూరయ్యకి పైకి కనపడింది అంతే. అయిపోయింది, మామ ధర నలిపేస్తన్నాడు, సాయిబు ఇంక ఇవ్వడు, కొట్టు పోయింది అనుకుంటా నిలబడ్డాడు. కిందేమో అంకయ్య వేళ్ళు పెంచుతున్నాడు, సాయిబు మడుస్తన్నాడు, ఈయన పెంచుతున్నాడు, ఆయన మడుస్తన్నాడు. ఆఖరికి సాయిబే, చాలు అంకయ్యా, నేనడిగిందాన్ని కూడా దాటిపోయావు, నన్ను పాపంలో పెట్టమాకు అని తువ్వాలు లాగేశాడు.

లెన్సొచ్చింది, కొట్టు నిలబడింది, ఆడోళ్ళు ఇప్పుడు మధ్యాన్నం నుంచే వరసలో కూచుంటన్నారు. అంకయ్య మాత్రం ఇప్పటికీ సంతలో, అల్లుడు సుడి లెన్సు కొన్నాడయ్యా, నేను అడ్డం పడబట్టి చవగ్గా వచ్చింది అని చెప్పుకుంటాడు. అసలు సంగతి సాయిబు చెప్తే నాకు తెలిసింది. విన్నారుగా, వింటే విన్నారుగానీ సంత కాడ మాత్రం అనమాకండయ్యా. అడిగిందానికంటే ఎక్కువిచ్చిన బేరగాడని తెలిస్తే ఇంక ఆయన్ని ఎద్దు బేరానికి పిలిచేదెవురు?