మంచు మీద మూడేళ్ల అనుభవం

చెప్పకూడదు గానీ చెబుతా. కోతలు కొయ్యడంలో అమీర్‌పేట మొత్తం మీద నన్ను మించినవాడు లేడండీ. ఇది కోత కాదు, కావాలంటే మైత్రీవనం వెనక సందులో ఎవర్నైనా అడగండి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చెప్పే బుచ్చిబాబు గారి నోరు ఎలాంటిదో వాళ్లే చెబుతారు. అలాంటి నోరు ఒకే ఒక్కసారి మూతపడింది. ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ నాకు తలెత్తాలనిపించదు. సిగ్గుపడటంలో కూడా నన్ను మించినవాడు లేడనుకోండి, అది వేరే సంగతి.

రెండువేల ఏడు, ఫిబ్రవరి ఆఖరు వారం. పంజాగుట్టలో ఎముకల డాక్టరుకి చూపించి, మా అమ్మాయి మంజూషని వెంటబెట్టుకుని కనకయ్య టీ కొట్టు దగ్గర ఆగాను. దానికి పన్నెండేళ్లు. కుడిచేతికి మోచెయ్యి దాటి సిమెంటు కట్టు. ఉస్మానియా బిస్కెట్టు ఎడంచేత్తో ముంచుకుంటుంటే సగం విరిగి టీలో పడిపోతోంది. నేను చూడనట్టు రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.

బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకడు జిరాక్సు షాపు హనుమాండ్లు, నా నోట్సులన్నీ వాడి మిషన్లోంచే పుడతాయి. రెండోవాడు దినేశ్, సిరిసిల్ల నుంచి వచ్చి నా దగ్గర కోర్సు చేసిన కుర్రాడు. సోమవారం వాడికి ఇంటర్వ్యూ. చేతిలో రెజ్యూమె పట్టుకుని నాకోసమే కాచుక్కూర్చున్నాడు. ఎక్స్‌పీరియన్స్ అన్నచోట ఖాళీ వదిలాడు.

మా సందులో ఆ రోజుల్లో ఒక ఆచారం ఉండేది లెండి. కోర్సు నలభై ఐదు రోజులు, కానీ రెజ్యూమెలో మూడేళ్ల అనుభవం రాయడం. రెండంటే తక్కువ, నాలుగంటే అనుమానం, మూడైతే ముద్దుగా ఉంటుంది. ఆ అనుభవం నిజమేనా అని ఏ కంపెనీ వాళ్లయినా ఎంక్వయిరీకి ఫోన్ చేస్తే, బెంగళూరు మేనేజరు గొంతు పెట్టి నేనే మాట్లాడేవాణ్ని. ఎంతమందిని అలా గట్టెక్కించానో! దినేశ్ మాత్రం వారం నుంచి భయపడుతున్నాడు. రాయాలా వద్దా అన్నది నా నోటి నుంచి వినాలని వాడి ఆశ.

వాడు నోరు తెరిచేలోపే హనుమాండ్లు అడిగాడు, "పాప చెయ్యికేమైంది సార్? గింత పెద్ద కట్టు కట్టిర్రు?"

ఒక్క ముక్కలో చెబితే అయిపోయేది. కానీ ఆ ముక్క నా గొంతు దాటదండీ. గొంతు దాటని మాట ఉన్నప్పుడు నాలాంటివాడేం చేస్తాడు? కథ మొదలుపెడతాడు.

"పెద్ద విశేషమేం కాదులే హనుమాండ్లూ. మొన్న ఫ్యామిలీతో కాశ్మీరు వెళ్లొచ్చాం కదా, స్కీయింగుకి."

"అంటే ఏంది సార్?" అన్నాడు కనకయ్య, టీ వడపోస్తూ.

"కాళ్లకి రెండు పొడుగాటి బద్దలు బిగించుకుని మంచుకొండ మీంచి జారడం. బద్దలు కాకుండా ఒకటే చెక్క ఉంటే దాన్ని స్నోబోర్డంటారు, రెండు కాళ్లూ దానికే కట్టేస్తారు. నేనూ మా ఆవిడ రత్నమాలా స్కీయింగు, మంజు స్నోబోర్డు."

"జారుడుకు గంత దూరం పోవాల్నా సార్? వాన పడ్డనాడు మా సందుకు రాకపోతిరి!"

అందరూ నవ్వారు. మంజు నవ్వలేదు.

"నవ్వకండి. ప్లానింగంటే ఏంటో మీకు తెలీదు. పుట్టి బుద్ధెరిగాక మంచు చూడని కుటుంబం నాది. అందుకని ఏం చేశానూ? ముందు మెటీరియల్ తయారుచేశా. ఇంటర్‌నెట్టు సెంటర్లో కూర్చుని స్కీయింగు మీద ఉన్నదంతా దింపి, చాప్టర్లు చేశా. ఒకటో చాప్టరు నిలబడటం, రెండోది పడటం, మూడోది పడ్డాక లేవటం, చివర్న ఇంపార్టెంట్ క్వశ్చన్లు. కావాలంటే వీణ్ణే అడగండి."

"అవు, నేనే బైండింగ్ చేసిన," అన్నాడు హనుమాండ్లు. "డెబ్బై రెండు పేజీలు. గవి చదివితే జారొస్తదా సార్?"

ఇక్కడిదాకా నిజమేనండి. ఇక్కడ ఆపినా నా పరువు కొంత మిగిలేది.

"చదివితే సగం వస్తుంది. మిగతా సగం ప్రాక్టికల్స్. మరి మంచెక్కడిది? బేగంబజారు నుంచి నాలుగు బస్తాల కళ్లుప్పు తెప్పించి మేడ మీద పరిచా. పొద్దున్నే ఐదింటికి ముగ్గురం స్వెట్టర్లు వేసుకుని ఉప్పు మీద జారుడు. నాలుగు బస్తాలు చాలక నలభై అయ్యాయి. మేడ చాలక ఎర్రమంజిల్ దిగుడు రోడ్డంతా పరిపించేశా. ఆఫీసర్లు వచ్చి, ఏంటి బుచ్చిబాబు గారూ, రోడ్డిలా తెల్లగా ఉందంటే, జారి చూడండి సార్ అన్నా. వాళ్లూ జారారు. మర్నాటికి అరవై మంది! పొద్దున ఒక బ్యాచీ, సాయంత్రం ఒక బ్యాచీ, ఉద్యోగస్తులకి వీకెండ్ బ్యాచీ. ఆ నెల పంజాగుట్ట చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ ఉప్పు కొనలేదు. గిన్నె పట్టుకొచ్చి రోడ్డు మీంచి ఎత్తుకెళ్లేవాళ్లు."

"నేను సుత ఎర్రమంజిల్ దిక్కే ఉంట గద," అన్నాడు కనకయ్య. "నాకేం కనపడలే."

"నువ్వు ఐదింటికి లేస్తావా?"

"నాలుగింటికి లేస్త సార్."

"అదీ సంగతి. నువ్వు కొట్టుకి వచ్చేశాకే మేం మొదలుపెట్టేవాళ్లం. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? రిసార్టు వాళ్లు ఒక ఫారం పంపారు. పేరు, వయసు, ఎత్తు, బూటు సైజు. అన్నిటికన్నా కింద, అనుభవం. ఆ మాట చూశాక నా చెయ్యి ఊరుకుంటుందా? దానంతటదే రాసేసింది. ముగ్గురికీ మూడేళ్లు!"

దినేశ్ బెంచీ చివరికి జరిగాడు. "రాస్తే వాళ్లు అడగలేదా సార్? టెస్టు గిట్ల పెట్టలేదా?"

ఆ ప్రశ్న వేసినప్పుడు వాడి మొహం చూశాను. వాడికి నా కథ అక్కర్లేదు, జవాబు కావాలి. అది తెలిసే కోశానండీ నేను. అందుకే ఇప్పుడిది చెబుతుంటే నాలిక చేదుగా ఉంటుంది.

"అడిగేదేంటయ్యా! అనుభవం లేనివాళ్లని కింద, పిల్లలు ఆడుకునే చిన్న వాలు దగ్గర వదిలేస్తారు. మూడేళ్లనేసరికి తీగ మీద వేలాడుతూ పోయే రోప్‌కార్లో కొండ కొమ్మున దింపేశారు. చలి అంటే మామూలు చలా? నేను మా ఆవిణ్ని 'బాగున్నావా' అనడిగితే ఆ మాట గడ్డకట్టి కింద పడింది. దాన్ని జేబులో వేసుకుని హోటలు గదికి తెచ్చి హీటరు ముందు పెడితే అప్పుడు వినపడింది, బాగున్నావా అని!"

"హమ్మో," అన్నాడు హనుమాండ్లు.

"ఇంకా విను. అక్కడ నిలబడి 'తప్పుకోండీ' అని ఒక్క కేక పెట్టి వదిలా. ఎంత వేగం అంటే, నేను కిందకొచ్చి, బద్దలు విప్పి, టీ చెప్పి, సగం తాగాక నా కేక వచ్చింది. తప్పుకోండీ అని. అదే వేగం మీద ఆగలేక అవతలి కొండెక్కేశా. దాని మీంచి ఇంకో కొండ. అక్కడో జవాను తుపాకీ అడ్డం పెట్టి, పాస్‌పోర్టు చూపించండి, ఇది సరిహద్దు అన్నాడు. మాట చూస్తే మన కరీంనగర్ యాస! నేను బుచ్చిబాబుని, మైత్రీవనం అన్నా. వెంటనే సెల్యూట్ కొట్టి, సార్ మీ నోట్సుంటే ఒక కాపీ ఇయ్యండి అన్నాడు. ఈలోపు అవతలి దేశం వైపు నుంచీ చేతులు లేచాయి, మాకూ ఒకటి అని."

"గాళ్లకు తెలుగొస్తదా?"

"డయాగ్రాములు చూసుకుంటారయ్యా! చివరికి రిసార్టు మాస్టార్లందరూ చుట్టూ చేరి, మేం ముప్పై ఏళ్ల నుంచి జారుతున్నాం గానీ ఇలాంటి ఫండమెంటల్స్ చూడలేదు, ఒక డెమో క్లాసు చెప్పండి సార్ అని కాళ్ల మీద పడబోయారు. మంచు కదా, పడినవాళ్లు పడినట్టే జారిపోయారు."

కొట్టు ముందు నవ్వులు. పక్క ఇన్‌స్టిట్యూట్ పిల్లలు కూడా నలుగురు ఆగి వింటున్నారు. వింటున్న కొద్దీ నాకు ఊపొచ్చింది. అసలేం జరిగిందో నేనే మర్చిపోయాను, ఆ రెండు నిమిషాలూ ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

దినేశ్ రెజ్యూమె నా ముందు పెట్టాడు. "అయితే సార్, మూడేండ్లు వేస్తె నడుస్తదంటరా?"

"వెయ్యరా! అనుభవం ముందు కాయితం మీదకి రావాలి, తర్వాత ఒంట్లోకి అదే వస్తుంది. ఫికర్ ఎందుకు? నేనున్నా."

వాడు పెన్ను మూత తీశాడు.

"మరి పాప చెయ్యి?" అన్నాడు హనుమాండ్లు. వాడికి మొదట్నుంచీ అదొక్కటే పట్టింది.

"అదా, అదేం లేదు. హోటలు బాత్రూములో జారింది."

మంజు గ్లాసు కింద పెట్టింది. నావైపు చూడలేదు. దినేశ్ వైపు తిరిగి మెల్లిగా అంది, "అన్నా, బాత్రూములో కాదు. కొండ మీదే. నాన్న పైకి రాలేదు. అమ్మా రాలేదు. నన్నొక్కదాన్నే రోప్‌కారు ఎక్కించారు. వెళ్లు, నేనున్నా అని నాకూ చెప్పారు."

అంతేనండీ. గొంతు పెంచలేదు, ఏడవలేదు. పక్క ఇన్‌స్టిట్యూట్ పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని వెళ్లిపోయారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

జరిగింది అదే. గాలికి ఊగుతున్న ఆ రోప్‌కారు చూసేసరికి రెండడుగులు వెనక్కి వేశాను. బూటు బిగుతుగా ఉందన్నాను. రత్నమాల 'పిల్లని కూడా ఆపండి' అంటే, మూడేళ్లని రాసిచ్చి ఇప్పుడు ముగ్గురం ఆగిపోతే వాళ్లేమనుకుంటారు, దానికి చాప్టర్లన్నీ కంఠతా వచ్చులే అన్నాను. పిల్లని పంపి నేను కింద కూర్చుని టీ తాగాను. కొండ గురించి నేను చెప్పిన దాంట్లో టీ తాగిన మాట ఒక్కటే నిజం. గంట తర్వాత ఇద్దరు మనుషులు దాన్ని చక్రాల్లేని చిన్న స్లెడ్జి బండి మీద పడుకోబెట్టి లాక్కొచ్చారు. చెయ్యి మోచేతి కింద వంకరగా ఉంది. రత్నమాల ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు.

దినేశ్ మంచి పిల్లాడు. రెజ్యూమె వెనక్కి లాక్కుని, బెంచీ మీద పెట్టుకుని, ఖాళీ ఉన్నచోట ఫ్రెషర్, అంటే అనుభవం సున్నా, అని రాశాడు. "ఏమనుకోకుండ్రి సార్," అన్నాడు. అనుకోవడానికి నా దగ్గరేముంది?

కనకయ్య టీ గిన్నె పక్కన పెట్టి వచ్చి మంజు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మరి నాకు రాదని చెప్తే అయిపోవు గద బిడ్డా? వాళ్లే దించకపోదురా?"

"చెబుదామనే అనుకున్నా తాతా." మంజు కట్టు మీద వేలితో గీతలు గీసింది. "చాలాసేపు అక్కడే కూర్చున్నా. కానీ వాళ్ల చేతిలో నాన్న సంతకం పెట్టిన ఫారం ఉంది. నాకు రాదంటే మా నాన్న అబద్ధం రాశారని అందరికీ తెలిసిపోతుంది కదా. అందుకే జారా."

నేను లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. చెయ్యి ఎలా విరిగిందని అడిగిన ప్రతివాడికీ పది రోజులుగా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నానండీ. ఎందుకు జారావమ్మా అని దాన్ని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.