దింపుడు కళ్లం దాకా

సంతోష్‌నగర్ ఫంక్షన్ హాల్లో మర్ఫా, మృదంగం, డప్పు కలిపి చేసే కచేరీకి రిహార్సల్ జరుగుతోంది. టీ విరామంలో ముసలి డప్పు కళాకారుడు, ఆ కచేరీకి కొత్త దరువులు కట్టినావిడను పక్కకు పిలిచాడు.

“మేడం, నిజం చెప్పున్రి. ఈ దరువు ఎవరి దగ్గర రికార్డు చేసుకున్నరు?”

“నేనే కట్టానన్నా.”

“పోస్టర్ మీద గూడ గట్లనే రాసుకున్నరు. ఇది మా బాపు సావులల్ల కొట్టిన దరువు. ఇంకెవ్వరికీ రాదు.”

“మా నాన్న పాడె ముందు విన్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.”

“గన్నేండ్ల సంది యాదికున్నదా? మరి దింపుడు కళ్లం దాంకనే ఉన్నదేంది? కాటికాడ కొట్టేది ఎందుకు దాచిన్రు?”

“దాచలేదన్నా. ఆడపిల్ల కాటికి రాకూడదని, నన్ను అక్కణ్నుంచే వెనక్కి పంపేశారు.”