మూడో ముక్క ముందు ఎవరికి?

"ఆగు లింబాద్రీ, ఆ సంచి ఇప్పుడే ఇప్పకు. ముందుగాల నేను చెప్పేది ఇను," అన్నాడు భూమయ్య మామ. పరాయి దేశపు ఓడరేవు ఊరు రైసూత్‌లో, కూలీల క్యాంపు దగ్గరి చాయ్ దుకాణం ముందు తుంపర పడుతోంది. "లావు నవల ఊరికెల్లి తేవాల్నంటే సామాను బరువైతదని మూడు ముక్కలు కోసి, సెలవుకు పోయొచ్చేటోళ్లు తలా ఒక ముక్క తెచ్చుడు మన క్యాంపు రివాజు. రెండు ముక్కలు అందరం చదివినం. మూడోది నువ్వు తెచ్చినవు. ముందుగాల ఎవరికియ్యాలె? చదివినయన్ని రాసిపెట్టుకునేటోనికి! అంటే నాకు."

"నేను గూడ అడిగిన మామా," అన్నాడు గంగాప్రసాద్, చాయ్ ఊదుకుంటూ.

"నువ్వు చదువుతవు, మరుస్తవు. నేను సిమెంటు బస్తా కాగితం కోసి, బైండింగ్ వైరుతోని కుట్టి పుస్తకం చేసుకున్న. నవల ఒడవంగనే దాని పేరు, ఎట్లున్నదో రెండు మాటలు. ఎండల ఇనుము మోసుకుంటనే అక్షరాలు కూడబలుక్కున్నోణ్ని, ఒక్క నవల ఇడిసిపెట్టలే. మొన్న ఒకదాని దుఃఖమంత రాసిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఫోర్‌మన్ ఖమరుద్దీన్ ఆ పేజీ సూసిండు. తెలుగు ఒక్క అక్షరం రాదు. అయినా వెక్కి వెక్కి ఏడ్సి, నాకు సగం రోజు సెలవిచ్చిండు!"

"ఆ రోజు సైట్ల కరెంటు పోయింది మామా. అందరికిచ్చిండు," అన్నాడు గంగాప్రసాద్.

"కరెంటు ఎందుకు పోయింది? ఆయన కన్నీళ్లు బోర్డుల పడ్డయి! ఇంకోటి ఇను. వరదొచ్చే నవల గురించి రాసి పండుకున్న. పొద్దుగాల లేస్తే రూమ్‌ల మోకాలు లోతు నీళ్లు, చెప్పులు తేలుతున్నయి."

"నల్లా బంద్ చెయ్యకుండ పండుకున్నవు."

"నల్లా నీళ్లల్ల చేపలుంటయారా? రెండు పట్టి కూరొండితే నువ్వు ముండ్లు గూడ ఇడిసిపెట్టలే! ఇదేం సూసినవ్, పోర్టు కాడ నేను రాసుకున్న పుస్తకం గట్టిగ చదివిన. లంగరెత్తిన ఓడ ఆగింది. కెప్టెన్ మైకుల అడుగుతడు, 'భూమయ్య సాబ్, ఆఖరుకు ఏమైంది?' అని. ఎనకున్న ఓడలన్నీ ఈ దేశం ఆ కొసకున్న షినాస్ దాకా లైన్ కట్టినయ్!"

"మరి ఆఖరు చెప్పినవా?" మెల్లగా అడిగాడు లింబాద్రి.

"చెప్పకుంటే ఓడ కదులుతదా? మన మూడు ముక్కల నవలదే అడిగిండు! అందులున్న ఎల్లవ్వ కోర్టుల గెలిచి, గుంజుకున్న పొలం మల్ల దున్నుకుంటది. నా పుస్తకంల అట్లనే రాసున్నది. మూడో ముక్క నాకు కంఠతా వచ్చు!"

లింబాద్రి సంచి విప్పి మూడో ముక్క తీశాడు. మామ లుంగీకి చేతులు తుడుచుకుని ముందుకు చాచాడు. లింబాద్రి దాన్ని గంగాప్రసాద్ ఒళ్లో పెట్టాడు.

"నీకెందుకు మామా? చదివినవు, రాసినవు, ఓడలకు గూడ చెప్పినవు."

అందరూ పడీ పడీ నవ్వారు. మామ చాయ్ మీద మీగడ కట్టింది. కాసేపటికి స్టూలు గంగాప్రసాద్ పక్కకు జరుపుకున్నాడు.

"ఒరేయ్, ఆఖరి పేజీ ఒక్కటి సూసి చెప్పురా... ఎల్లవ్వకు పొలం దొరికిందా?"

గంగాప్రసాద్ పుస్తకాన్ని గుండెకు ఆనించుకున్నాడు.

"ఆ కెప్టెన్‌నే అడుగు మామా."