ఎడమ సగం తానే విప్పిన మురసే కినుకో గారు

1984 ఏప్రిల్ 2వ తేదీన, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, శ్రీమతి మురసే కినుకో గారు నారా నగరంలోని మన చిత్ర పరిరక్షణశాలలో సహాయకురాలిగా ప్రవేశించారు. తొలి రెండేళ్ళూ కుంచెలు కడగడానికీ జిగురు వడకట్టడానికే సరిపోయాయి. చేతులు నానిపోవడమే గానీ ఒక్క బొమ్మ ముఖం చూసిన పాపాన పోలేదని ఆమే నవ్వుతూ చెప్పేవారు. 1987లో సెయిరెన్‌జి ఆలయంవారు చుట్టగా దాచుకునే మహాపరినిర్వాణ పట్టుచిత్రానికి ఆధారంగా వెనక కాగితం అతికే బాధ్యత ఆమెకు దక్కింది. అటుపై అంచెలంచెలుగా ఎదిగి, ప్రధాన నిపుణురాలి పదవిని పదహారేళ్ళు అలంకరించారు.

2023 శరదృతువులో ఆ చిత్రం తిరిగి మన బల్ల మీదికి వచ్చింది. శయనించిన బుద్ధభగవానుని భుజం మీదుగా పట్టుబట్ట పగుళ్ళిచ్చింది. ఏటా ఒక్కరోజు చుట్ట విప్పి వేలాడదీయడానికే ఆలయ ప్రధానార్చకులు ర్యోకై గారు జంకుతున్నారు. పాత నమోదు పుస్తకంలో 'పదేళ్ళు మాగిన జిగురు' అని ఉంది. మాగిన జిగురు మెత్తగా వంగుతుంది, తడిపితే సులువుగా ఊడుతుంది. అందువల్ల లోపం పట్టుదేననీ, పైపైన అతుకులు వేసి పంపుదామనీ సమావేశంలో అందరం తలలూపాం.

అప్పుడు కినుకో గారు లేచి నిలబడ్డారు. నాడు ఎడమ సగానికి వచ్చేసరికి జాడీలో మాగిన జిగురు అయిపోయిందనీ, చీవాట్లకు భయపడి కొత్త జిగురు కలిపేశాననీ, నమోదులో తాను రాసింది అబద్ధమనీ చెప్పారు. కొత్త జిగురు అట్టకట్టుకుపోతుంది. చుట్టినప్పుడల్లా బొమ్మే విరుగుతుంది. ఏడాదిన్నరలో గౌరవంగా విరమించబోతూ, ఎవరికీ తెలియని సంగతి ఇప్పుడెందుకు తవ్వుకుంటారని సమావేశానికి వచ్చిన ర్యోకై గారు మెల్లగా అడిగారు.

"విరమిస్తున్నా కాబట్టేనండీ. ఎక్కడెక్కడ గట్టిగా అంటించానో నా చేతులకే తెలుసు. నేను వెళ్ళాక ఆ కాగితం విప్పేవాళ్ళు తెలీక లాగితే బుద్ధుడి భుజం కూడా ఊడొస్తుంది."

చిత్రాన్ని బోర్లా పరిచి, తడిపి, చిన్న పట్టకారుతో పోగు పోగుగా కాగితం తీయడం మొదలుపెట్టారు. రోజంతా వంగితే బొటనవేలి వెడల్పు మాత్రమే ఊడివచ్చేది. మెడ పట్టేసింది, కళ్ళు నీరు కారాయి, అయినా ఒక్కపూట మానలేదు. సాయం చేయబోతే, "కుడివైపు మీరు చూసుకోండి. నా నిర్వాకం నాకు వదిలేయండి," అని కసిరేవారు. పధ్నాలుగు నెలలకు చివరి పోగూ ఊడివచ్చింది. ఈసారి వెనక కాగితమంతా మాగిన జిగురుతోనే అతికారు.

ఈ మార్చి 15న, ఏటా వేలాడదీసే ఆ రోజున, ఆలయంలో చిత్రం చుట్ట విప్పారు. భుజం మీద నుంచి రవ్వంత రంగైనా రాలలేదు. ర్యోకై గారు బుద్ధునికి మొక్కి, ఇటు తిరిగి కినుకో గారికీ తల వంచారు. మాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆమె మాత్రం పరిరక్షణశాలకు వచ్చి, నమోదు పుస్తకంలో తన పాత అబద్ధాన్ని కొట్టివేసి, నిజం రాసి సంతకం చేశారు.

"ఇక దీన్ని ఎవరైనా సులువుగా విప్పుకోవచ్చు. నన్ను అడగాల్సిన పనే లేదు," అన్నారు.

పని లేకపోయినా అడుగుతూనే ఉంటాం. విసుక్కుంటూనైనా మాకు జవాబు చెప్పేంత ఓపికతో, ఆరోగ్యంతో, కినుకో గారు కలకాలం మా మధ్య ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.