నా వేళ్ళకి సరిపోయే కప్పు

హలో… ఆ, నేనే. మామయ్యనే. … నిన్ను గుర్తుపట్టకపోవడమేంటి తల్లీ? విడాకులైతే నీ గొంతు మారిపోతుందా?

ఎక్కడున్నావ్? … మా గేటు దగ్గరా! … ఉండుండు, కిటికీ దగ్గరికొస్తున్నా. … ఆ, కనిపించావ్. చిక్కిపోయావ్. … మూడో అంతస్తు నుంచైనా తెలుస్తుందిలే.

అట్టపెట్టె కోసమా? … వాడే మెసేజ్ పెట్టాడా, వచ్చి నీ సామాను తీసుకుపొమ్మని? … ఓహో. కన్నతండ్రిని, నాతో ఒక్క ముక్క అనలేదు. పొద్దున పెట్టె మెట్ల కింద పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. పాత సామాన్లవాడికి వేసేస్తున్నాడనుకున్నా.

లేదు, అక్కడ వెతక్కు. ఖాళీ పెట్టె ఉంటుంది. … ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే పైకి తెచ్చేశా. … ఒక్కణ్ణే. … ఆరుసార్లు దిగి ఎక్కా. … మోకాళ్ళా? అవి రోజూ తిడతాయి. ఇవాళ కాస్త గట్టిగా తిట్టాయి.

… అన్నీ నా గదిలోనే. నీ మట్టి పళ్ళేలు మంచం కింద, కూజా బీరువా పక్కన. నువ్వు చేసిన మొదటి గిన్నె… ఓ పక్కకి వాలి, అలిగి కూర్చున్నట్టుంటుందే… అందులో నా కళ్ళజోడు పెట్టుకున్నా. … నవ్వకు, నిజం.

వాడు తెచ్చుకున్న కొత్తమ్మాయా? మంచిదే. తన సామాను తను తెచ్చుకుంది, వంటింట్లో చోటు కావాలి కదా. ఆ పిల్ల తప్పేం లేదు. … పలకరిస్తుంది. "టీ తాగారా? మందులేసుకున్నారా?" అంతే. … వాడా? వాడికి ఫోనుందిగా.

ఏంటీ? … వద్దు. … వద్దు తల్లీ, తీసుకెళ్ళకు. … నాకు మాటొస్తుందనా? రానీ. డెబ్బై దాటాయి. ఓ మాట పడితే అరిగిపోతానా?

… కప్పా? దాంట్లో తప్ప టీ తాగితే ఒట్టు. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన వేళ్ళు, బిగుసుకుపోయాయి. ఏ గ్లాసు పట్టుకున్నా జారిపోయేది. మిగతావాళ్ళు విసుక్కుంటూ నేల తుడిచారు. నువ్వొక్కదానివే నా చెయ్యి పట్టుకుని పచ్చిమట్టిలో నొక్కావ్. … ఆ పిడికి నాలుగు వేళ్ళ గుంటలూ అలాగే ఉన్నాయి. … ఆ, అదొక్కటీ విడిగా తెచ్చా. చొక్కాలో పెట్టుకుని.

హలో? … ఉన్నావా?

పైకి రారాదూ? ఇంట్లో ఎవరూ లేరు. ఐదు నిమిషాలు. … అవున్లే. … ఈ గడప మళ్ళీ నువ్వెందుకు తొక్కుతావ్.

… ఏమన్నావ్? నాకు నువ్విప్పుడు ఏమీ కావా? … చూడు, కాగితాల మీద సంతకం పెట్టింది మీరిద్దరూ. నన్నెవరూ అడగలేదు, నేను పెట్టలేదు.

… సాయంత్రం వాడికి చెప్పేస్తా. కుండబద్దలు కొట్టినట్టు… ఛ, నీ దగ్గరా ఈ మాట! … హమ్మయ్య, నవ్వావ్. … ఏం చెప్తానా? ఇవి నా కోడలు నాకిచ్చినవి, నా గదిలోనే ఉంటాయి, నేను పోయాక నీ ఇష్టం అని. … గట్టిగానే.

సరే, నీ సంగతి చెప్పు. కొత్తగా ఏం చేస్తున్నావ్? … ఏమీ లేదా? … ఆర్నెల్లనుంచి చక్రం ముందు కూర్చోలేదా! … మట్టి ముట్టబుద్ధి కావట్లేదూ…

…

అమ్మాయీ. నాకింకో కప్పు కావాలి. … ఎడమచేతికి. అది కూడా ముడుచుకుపోతోంది. … అబద్ధం కాదు, ఇదిగో, కిటికీలోంచి చూపిస్తున్నా చూడు. … కనిపించిందా?

కొలతెలాగంటే… నేనే వస్తా. ఆదివారం. … లిఫ్టున్న ఇల్లేనా? … లేకపోయినా వస్తా. … తల ఊపితే కాదు, నోటితో చెప్పు. … ఆ. అదీ.

నువ్వొచ్చిన టాక్సీ అతను తొందరపెడుతున్నట్టున్నాడు. ఎక్కు, ఎక్కు. … ముందు అడ్రస్ చెప్పు. ఉండు, పెన్సిలు… ఆ, చెప్పు. … గట్టిగా, ఆ హారన్లో వినపడట్లేదు. … ఇల్లు పదకొండు. … ఎన్నో వీధీ?

హలో? … ఎన్నో వీధన్నావ్ తల్లీ? …

హలో?