రేడియోలో మాత్రం విసిరాడు

నెబ్రాస్కాలో ఒక చిన్న కాలేజీ మైదానం. బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరిగెడుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. శనివారం మధ్యాహ్నం. పైన రేడియో గదిలో రెండు మైకులు, ఇద్దరు మనుషులు. నాలుగు పావుల ఆట ఆఖరి పావులో పడింది.

"...విసిరాడు! గారెట్ హోల్‌క్విస్ట్ విసిరాడు, తొమ్మిది గజాలు! మన జట్టు కెటర్‌మన్ కొంగలు ముందుకి!"

"విసిరాడా?"

"విసిరాడు మర్ల్ గారూ."

"ఎవరికి?"

"దగ్గరున్నవాడికి."

"బంతికి దగ్గరున్నది వాడొక్కడేగా డ్వేన్ గారూ?"

"శ్రోతలకి ఒక చిన్న మనవి. మన పాత కోచ్ మర్ల్ ష్రోడర్ గారు కళ్ళకి శుక్లాలు తీయించుకుని నాలుగు వారాల తర్వాత ఇవాళే మళ్ళీ మైకు ముందుకొచ్చారు. కొత్త కళ్ళు. ఇంకా అలవాటు పడుతున్నారు."

"నా కళ్ళు దివ్యంగా ఉన్నాయండీ. అటు చివరి వరసలో కూర్చున్నావిడ స్వెటర్‌కి ఒక బొత్తాం లేదు, అది కూడా కనిపిస్తోంది."

"చాలా సంతోషం. మళ్ళీ బంతి గారెట్ చేతికొచ్చింది. వెనక్కి రెండడుగులు వేశాడు, చూశాడు, ఇంకా చూశాడు... ఆ, విసిరాడు! నాలుగు గజాలు, కుడివైపు!"

"కుడివైపు మనవాళ్ళెవరూ లేరు."

"ఉన్నారు."

"వాడే బంతి చంకలో పెట్టుకుని..."

"ఇప్పుడొక ప్రకటన! లిండ్‌గ్రెన్ దాణా కొట్టు. మీ ఆవు ఎదురుచూస్తోంది."

"మైకు మీద ఎర్రదీపం ఆరిందా?"

"ఆరింది కోచ్."

"ఒరేయ్ డ్వేన్, తాగొచ్చావా?"

"లేదు."

"మరేంట్రా ఇది? మూడు పావులూ శుభ్రంగా చెప్పుకొచ్చావు కదా!"

"మూడు పావులూ వాడు నిజంగానే విసిరాడు కోచ్. ఇప్పుడే కాళ్ళకి పని చెప్పడం మొదలెట్టాడు."

"కాళ్ళకి పని చెబితే చెప్పాడను. పరిగెత్తినవాణ్ణి విసిరాడంటావేం?"

"జొనెల్ వింటోంది."

"మీ ఆవిడ వింటే ఏమైంది?"

"పరిగెత్తనని మావాడు వాళ్ళమ్మకి మాటిచ్చాడు. పోయినేడు తలకి రెండో దెబ్బ తగిలింది గుర్తుందా? తన పేరు తను చెప్పడానికి పావుగంట పట్టింది వాడికి. డాక్టర్లు ఈ ఏడు ఆడొచ్చన్నారు. ఆవిడ ఒక్కటే అంది. బంతి విసురుకో, నాకేం అభ్యంతరం లేదు, దాన్ని పట్టుకుని ఆ మనుషుల మధ్యలోకి పరిగెత్తావని తెలిసిందో, ఆ పూటతో ఆట బంద్ అంది. అందంటే చేస్తుంది. మీకు తెలుసుగా."

"తెలుసు. చర్చి విందులో నా చేతిలో ప్లేటు లాక్కుంది, షుగరుందని."

"వాడికి ఇదే ఆఖరి ఏడు కోచ్. ఇది కాక ఇంకో రెండు ఆటలు. ఆ తర్వాత జన్మలో ఆడమన్నా ఆడేందుకు చోటుండదు."

"ఆవిడ చూడ్డానికి రాదా?"

"చూడలేనంటుంది. వంటింట్లో రేడియో పెట్టుకుని చిల్లీ కూర కలుపుతూ వింటుంది. నువ్వు చెబితే చాలు అంటుంది."

"అందుకని నువ్వు చెబుతున్నావు."

"చెబుతున్నా."

"నేను లేని నాలుగు వారాలూనా?"

"నాలుగు వారాలూ."

"మరి ఆ విసిరిన బంతులన్నీ ఎవడు పట్టుకున్నాడని చెప్పావు?"

"లుండీన్."

"లుండీన్ చెయ్యి విరిగి కట్టు కట్టించుకుని బెంచీ మీద కూర్చున్నాడు కదరా!"

"మొదటివారం బాగానే ఉంది కోచ్. రెండోవారం విరిగింది. అప్పటికే వాడు బాగా పట్టేస్తున్నాడని చెప్పేశాను. మధ్యలో ఎలా ఆపను?"

"వాళ్ళవాళ్ళు వినరూ?"

"వాళ్ళ తాత ఫోన్ చేశాడు. మావాడు ఒంటిచేత్తోనే పట్టుకుంటున్నాడా అని అడిగాడు. ఏడుస్తున్నాడు పాపం."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను."

"హమ్మ డ్వేన్!"

"ఏం చెయ్యమంటారు? పెద్దాయన."

"నన్ను కూడా ఇందులోకి లాగావుగా. ఈ వయసులో నేను మైకులో అబద్ధాలు చెప్పాలా?"

"మీరేం చెప్పక్కర్లేదు. ఊరికే ఎవరికి, ఎవరికి అని అడక్కండి. దీపం వెలుగుతోంది."

"కానివ్వండి డ్వేన్ గారూ."

"మళ్ళీ స్వాగతం. హార్‌గ్రోవ్ దున్నలు ఇరవై ఒకటి, మన కొంగలు పదిహేడు. నాలుగు నిమిషాలే మిగిలాయి. అవతలివాళ్ళ కుర్రాడికి బూటు ఊడింది, ఆట ఆగింది. ఈలోగా కోచ్ గారికొక ఉత్తరం. ఒక శ్రోత, శ్రీమతి ఓడెగార్డ్ గారు రాశారు. 'బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ ఒక్కోసారి తనే పట్టుకుని పరిగెడతాడెందుకు? అసలు ఎప్పుడు పరిగెత్తాలి?' ఈ ఉత్తరం నేను ముందే చదివి ఉండాల్సింది."

"మంచి ప్రశ్న."

"వద్దంటే ఇంకోటి చదువుతాను."

"వద్దు, ఇదే బాగుంది. చూడమ్మా, బంతి చేతికొచ్చాక ఆ పిల్లాడికి మూడు లెక్కపెట్టేంత టైముంటుంది. ముందు మొదటివాణ్ణి చూడాలి. ఖాళీగా ఉంటే వాడికి విసిరెయ్యాలి. లేకపోతే రెండోవాణ్ణి చూడాలి. ఇద్దర్నీ అవతలివాళ్ళు అంటిపెట్టుకుని ఉన్నారనుకో, అప్పుడు అవతలివాళ్ళ మొహాలు చూడాలి. మొహాలు కనిపిస్తున్నాయంటే వాళ్ళు నిన్నే చూస్తున్నారు, కదలకు. వీపులు కనిపిస్తున్నాయా, పరిగెత్తు. వాళ్ళంతా మనవాళ్ళ వెంటపడి పోతున్నారు, మధ్యలో గడ్డంతా నీదే. ఆ మూడో లెక్క దగ్గర తేల్చుకోలేనివాడు ఎక్కువకాలం ఆడడు."

"అయినా విసరడమే మేలు కదా కోచ్ గారూ. మామూలుగా."

"మామూలుగా."

"దెబ్బలు తగలవు."

"నుంచున్నవాడికే గట్టివి తగుల్తాయి డ్వేన్ గారూ. వెనకనుంచి వచ్చేవాణ్ణి వాడు చూడడు. పరిగెత్తేవాడికి ఎదురుగా వచ్చేవాడు కనిపిస్తాడు. కనిపించగానే గడ్డిమీద జారి కూర్చుంటే సరి. కూర్చున్నవాణ్ణి ముట్టుకోకూడదు, అది రూలు. నా దగ్గర ఆడిన ప్రతివాడిచేతా తడిగడ్డిలో వందసార్లు జారించాను."

"గారెట్‌చేత కూడానా?"

"వాడు చిన్నప్పుడు మా పెరట్లోనే జారించాను. జారతాడు. ఆటలో మాత్రం జారడు. ఇంకో గజం వస్తుందేమోనని ఆశ. వాళ్ళ నాన్న కూడా అంతే, ఇంకో వాక్యం వస్తుందేమోనని చూస్తాడు."

"గారెట్‌కి ఆ అవసరం రాదులెండి. వాడు విసురుతాడు. ఆట మొదలైంది. గారెట్, వెనక్కి... పన్నెండు గజాలు! విసిరాడు! పట్టుకున్నాడు!"

"లుండీన్."

"ఏమన్నారు?"

"లుండీన్ పట్టుకున్నాడు. ఒంటిచేత్తో."

"ధన్యవాదాలు కోచ్ గారూ."

"అద్భుతంగా పట్టుకున్నాడు. ఇంకో చేత్తో అమ్మానాన్నలకి దణ్ణం కూడా పెట్టాడు."

"అంత అక్కర్లేదు."

"కింద వరసల్లో రేడియో చెవికి పెట్టుకున్నవాళ్ళు కొందరు మనవైపు తిరిగి చూస్తున్నారు డ్వేన్ గారూ."

"చెయ్యి ఊపండి."

"ఊపాను. వాళ్ళు ఊపట్లేదు."

"మళ్ళీ గారెట్. ఈసారి నిజంగానే... అంటే, ఈసారి కూడా విసిరాడు! పదిహేను గజాలు! పైకి, గాల్లోకి, అందరికీ కనిపించేట్టు! చూశారా మర్ల్ గారూ?"

"చూశాను. బంతి గాల్లో ఉంది. నా కళ్ళు బాగున్నాయన్నానుగా."

"పద్దెనిమిది సెకన్లు. గోల్ గీతకి అయిదు గజాలు. నాలుగో ప్రయత్నం, ఇంక మరోటి లేదు. అవతల కోచ్ ఆట ఆపించాడు. ఒక్క క్షణం శ్రోతలూ... మైకు మూశాను కోచ్. ఏం చేస్తాడంటారు?"

"నాకేం తెలుసురా."

"విసిరేస్తే బాగుండు. పోతే పోయింది ఆట. విసిరి ఓడిపోతే ఇంటికెళ్ళి కడుపునిండా చిల్లీ తింటాడు."

"ఈ మాట వాడితో ఎప్పుడైనా అన్నావా?"

"లేదు."

"ఎందుకనలేదు?"

"వాడు పరిగెడుతుంటే ఎలా ఉంటాడో మీరు చూశారుగా కోచ్. వాళ్ళమ్మకి చూసే ధైర్యం లేదు. నాకు ఆపే ధైర్యం లేదు."

"చెయ్యి తియ్యి. మొదలవుతోంది."

"గారెట్ బంతి అందుకున్నాడు. మొదటివాణ్ణి చూశాడు."

"మూసేశారు."

"రెండోవాడు."

"వాణ్ణీ మూసేశారు. వీపులు. డ్వేన్, అన్నీ వీపులే!"

"విసురుతాడు. చెయ్యెత్తాడు..."

"పరిగెత్తరా! గారెట్, పరిగెత్తు!"

"విసిరా... విసి... గీత దగ్గర ఇద్దరున్నారు. కూర్చో. కూర్చోరా నాన్నా, కూర్చో!"

"చెప్పు డ్వేన్. జనం వింటున్నారు."

"దాటాడు."

"దాటాడు. టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఇరవైమూడు, ఇరవై ఒకటి. కొంగలు గెలిచినట్టే."

"లేవట్లేదు."

"డ్వేన్, మైకు..."

"పరిగెత్తాడండీ. మావాడు పరిగెత్తాడు. ఎవరికీ విసరలేదు. లుండీనూ లేడు, ఎవరూ లేరు. తల ముందుకి పెట్టి దూకాడు. ఇద్దరు మీద పడ్డారు. వాళ్ళు లేచారు. వీడు లేవట్లేదు."

"లిండ్‌గ్రెన్ దాణా కొట్టు. మీ ఆవు... ఏదో చేస్తోంది. ప్రకటన వెయ్యండయ్యా ఎవరైనా!"

"నేను కిందికెళ్తాను."

"ఆగు. కంగారులో మెట్లమీంచి పడతావు. డాక్టరు వెళ్ళాడు. ఇలా కూర్చో, నేను చూసి చెబుతాను."

"నాలాగా చెప్పకండి కోచ్."

"లేదురా. నిజమే చెబుతా. మోకాలు మడిచాడు. వేళ్ళు కదిపాడు. డాక్టరు ఏదో అడుగుతున్నాడు, వీడు జవాబు చెబుతున్నాడు."

"నిజంగా?"

"నిజంగా. ఎవరో ఆడమనిషి కంచె దూకి పరిగెత్తుకొస్తోంది. నీలం కోటు. ఇద్దరు కాపలావాళ్ళని తోసేసింది. వాడి పక్కన కూలబడింది."

"నీలం కోటా?"

"జొనెల్‌రా అది."

"కాదు. మా ఇల్లు తొమ్మిది మైళ్ళు."

"నీ ఫోన్ మోగుతోంది. తియ్యి."

"హలో... జొనెల్? వాడు..."

"బాగున్నాడు. ఊపిరందలేదు, అంతే. తలకేం కాలేదు అంటున్నాడు డాక్టరు, రాత్రంతా కనిపెట్టి ఉండమన్నాడు. పేరు చెప్పాడు, వారం చెప్పాడు. నా పుట్టినరోజు తప్పు చెప్పాడు, అది ఎప్పుడూ తప్పే చెబుతాడు."

"నువ్విక్కడికెలా వచ్చావు? వంటింట్లో కదా ఉన్నావు?"

"వంటింట్లో ఎవరుంటారు? మొదటి ఆట నుంచీ ఈ కంచె అవతలే, కార్లో."

"మొదటి ఆట నుంచీనా? అయితే వాడు పరిగెత్తడం..."

"తల దించుకునే కూర్చుంటాను. జనం అరిస్తే ఆగలేక చూస్తాను. చూసినప్పుడల్లా పరిగెడుతూనే ఉన్నాడు."

"మరి ఆపలేదేం?"

"ఆపుదామనే వచ్చాను. మొదటివారమే కారు తలుపు తీశాను. సరిగ్గా అప్పుడు నువ్వు రేడియోలో విసిరాడన్నావు."

"జొనెల్, నేను..."

"విను. లుండీన్ పట్టుకున్నాడని నువ్వు హాయిగా కోతలు కోస్తున్నావంటే మన పిల్లాడు లేచి నుంచున్నాడన్నమాట. నాకు కావలసింది అదొక్కటే. అది వినడానికే రేడియో పెట్టుకునేదాన్ని. ఇవాళ నువ్వు నిజం చెప్పావు డ్వేన్. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకెప్పుడూ అలా చెయ్యకు."